అతుకు ఉడికేలోపు

లోకంలో మగవాళ్లు భోజనం చేసేటప్పుడు మాట్లాడతారు, లేదంటే ఫోను చూసుకుంటారు. ఆమె భర్త మాత్రం వింటాడు. ఆమె మాటలు కాదు, అంత అదృష్టానికి ఆమె నోచుకోలేదు. ఫ్రిజ్జు మాటలు, సీలింగ్ ఫ్యాను మాటలు, పక్కింటివాళ్ల నీళ్ల మోటారు మాటలు. ముద్ద నోటిదాకా తెచ్చి ఆపి, తల కాస్త పక్కకు వంచి, "బేరింగు పొడిబారింది" అంటాడు. అని మళ్లీ భోజనంలో పడతాడు. పొడిబారిన బేరింగుకి ఇంత గ్రీజు పూద్దామన్న ఆలోచన మాత్రం రాదు. జబ్బు పేరు చెప్పి మందు రాయకుండా లేచి వెళ్లిపోయే డాక్టరు రకం. పెళ్లయిన కొత్తలో ఒకసారి ఆమె జ్వరంతో మూలుగుతుంటే, దగ్గరికి వచ్చి నుదుటి మీద చెయ్యి వేసే ముందు గుమ్మంలో నిలబడి కాసేపు ఆ మూలుగు విన్నాడు. అది ప్రేమో, వృత్తిధర్మమో ఆమె ఇంతవరకూ తేల్చుకోలేదు. సిమెంటు ఫ్యాక్టరీలో బెల్టులు తనిఖీ చేసే మనిషిని కట్టుకుంటే ఇంతేనని ఆమెకి ముందే తెలియాలి, ఎందుకంటే ఆమె పుట్టిందే బెల్టులు అతికే మనిషికి. తెలియక చేసుకున్నానని ఎవరి దగ్గర మొత్తుకుంటుంది.

ఇప్పుడే అతని దగ్గర నుంచి ఫోను వచ్చింది. "మూత వేశాం" అన్నాడు, పెట్టేశాడు. ఇంకొకరి భార్య అయితే ఏ గిన్నె మీద అని అడిగేది. ఆమె అడగలేదు. క్వారీ నుంచి సున్నపురాయి మోసుకొచ్చే పెద్ద బెల్టుని పొద్దున్నే ఆపేశారు, పాత అతుకు కోసి పారేశారు, బెల్టు రెండు కొసల్నీ మెట్లు మెట్లుగా చెక్కి, ఒకదాని మీద ఒకటి పరిచి, మధ్యలో పచ్చి రబ్బరు పెట్టి, రెండు ఇనుప పలకల మధ్య బిగించి వేడి పెట్టారు. పై పలకని వాళ్లు మూత అంటారు, లోపల జరిగేదాన్ని ఉడకడం అంటారు; వంటింటి మాటలన్నీ పట్టుకెళ్లి వాడేసుకుంటూ, వంటింట్లోకి వస్తే గరిటె ఎక్కడుందని అడిగే జాతి. ఉడకడానికి కొంతసేపు, ఆ బిగింపులోనే చల్లారడానికి కొంతసేపు, అంతా కలిసి గంటకి అటూ ఇటూ. ఈ గంటలో ఎవరూ చేయగలిగింది లేదు. మధ్యలో మూత తీస్తే లోపల బుడగలు పుట్టి అతుకు పాడవుతుంది. ఇంట్లో పొయ్యి మీద ఏ గిన్నె కనిపించినా మూత ఎత్తి తొంగి చూడందే ఉండలేని మనిషి, అక్కడ చేతులు కట్టుకుని గంటసేపు ఎలా నిలబడతాడో అనుకుంది ఆమె. వెంటనే, తను మాత్రం ఇక్కడ ఏం వెలగబెడుతోందని కూడా అనుకుంది. బల్ల మీద ఒలవాల్సిన బఠాణీల గుట్ట. ఎదురుగా నాన్న.

నాన్న పేపరు చదువుతున్నాడు. చదువుతున్నాడనడం మర్యాద కోసం. పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు, పేజీ తిప్పి చాలాసేపయింది, అద్దె ఇళ్ల ప్రకటనల్లో ఆయనకి ఇప్పుడు అంత పనేముందని. ఇవాళ కోసి పారేసిన పాత అతుకు ఆయనది. రిటైరయ్యే ముందు వేసిన ఆఖరి అతుకు. ఉద్యోగమంతా అతుకులు వేస్తూ బతికిన మనిషి, ఫ్యాక్టరీలో అందరికీ 'పెద్దాయన', తను ఇంట్లో కూర్చున్నా తన చేతిపని అక్కడ రోజంతా తిరుగుతూనే ఉంటుందని వీధి వీధంతా చెప్పుకున్న మనిషి. ఆ అతుకు వంకర అన్నది అల్లుడు. కంటికి కనిపించేంత వంకర కాదు, వెంట్రుకంత; కానీ అంత పొడుగు బెల్టుకి ఆ వెంట్రుక చాలు. తిరిగిన ప్రతిసారీ ఆ ముక్క పక్కకి జరుగుతుంది, అంచు వెళ్లి ఇనుప ఫ్రేముకి రాసుకుంటుంది, రాసుకుని రాసుకుని ఒకరోజు నిలువునా చీరుతుంది. అతుకు కాదు, ఫ్రేమే వంగింది, వానలకి పునాది కుంగి ఉంటుంది, చూసుకోండి అన్నది మామ. ఇద్దరిలో ఒకరిది తప్పు. ఆ ఇద్దరూ భోంచేసేది ఆమె ఇంట్లోనే.

ఉత్పత్తి చూసే మేనేజరుకి టన్నులాయన అని పేరు పెట్టింది ఆమే. మనిషి కనిపిస్తే బాగున్నారా అని అడగడు, "నిన్న బాగా నడిచింది" అంటాడు, ఏది నడిచిందో ఎదుటివాళ్లు అర్థం చేసుకోవాలి. ఆ టన్నులాయన ఎన్నో మీటింగుల తర్వాత దిగొచ్చాడట. "నీ మాట మీద ఒక్కసారి ఆపిస్తున్నాను. అతుకు మార్చాక కూడా బెల్టు పక్కకి పోయిందనుకో, నువ్వింక బెల్టుల జోలికి రావద్దు. స్టోరులో కూర్చుని బోల్టులు ఏరుకో." ఈ మాటల్ని అతను ఇంటికొచ్చి ఉన్నవి ఉన్నట్టు, గొంతు కూడా టన్నులాయనలాగే పెట్టి చెప్పాడు, అంటే భయపడ్డాడన్నమాట, భయపడినప్పుడే అతనికి ఇతరుల గొంతులు బాగా వస్తాయి. ఇవాళ పొద్దున గుమ్మంలో కూర్చుని బూటు లేసు కట్టుకుంటూ, తలెత్తకుండా, "అతుకు తప్పు కాకపోతే?" అన్నాడు. "కాకపోతే ఏముంది, స్టోరులో ఫ్యాను ఉంటుందిగా, దాని బేరింగు వింటూ కూర్చోండి" అంది ఆమె. అతను నవ్వాడు. నవ్వి, కట్టిన లేసుని విప్పి మళ్లీ కట్టాడు. ఎన్ని నవ్వులు నవ్వినా ఆ విప్పి కట్టడం పొద్దుటి నుంచీ ఆమె కళ్ల ముందు నుంచి పోలేదు. స్టోరు అంటే చెడ్డ చోటేమీ కాదు, నీడ ఉంటుంది, దుమ్ము ఉండదు, వేళకి ఇంటికి రావచ్చు. కానీ ఆ ఫ్యాను తప్ప అక్కడ ఏదీ తిరగదు. ఏదీ తిరగని చోట ఈ మనిషి ఏం వింటాడు.

బెల్టు చూడడం కూడా ఒక ఉద్యోగమా, నడుముకి పెట్టుకునేదేగా, రోజూ చూసేదేముంది అని కాలేజీ స్నేహితురాలు ఒకతె అడిగింది ఎప్పుడో. చూడడమంటే నడవడం. బెల్టు పక్కనే ఇనుప జాలీ మీద, ఈ కొస నుంచి ఆ కొస దాకా, దుమ్ములో, చేతిలో టార్చితో. బెల్టు కింద వరసగా రోలర్లు తిరుగుతుంటాయి, అన్నింటిలో ఏదో ఒకటి గొంతు మార్చుకుంటుంది. ఇవాళ కీచుమన్నది రేపు వేడెక్కుతుంది, ఆ తర్వాత బిగుసుకుపోయి రబ్బరుని కోస్తుంది. కింద రాలిన రాతిపొడి కుప్ప ఏ పక్కన పెరిగిందో చూసి, పైన ఏం జరుగుతోందో చెప్పాలి. అంటుకున్న మట్టిని గీకే బ్లేడు ఎంత అరిగిందో చూడాలి, అంచు మీద పోగులు లేచాయేమో చూడాలి, కంటితోనే, ఎందుకంటే తిరిగే బెల్టు మీద చెయ్యి పెట్టినవాడికి ఆ చెయ్యి మిగలదు. ఇవన్నీ అతనికి నేర్పింది మామే. కొత్తగా చేరిన రోజుల్లో, బెల్టు పక్కకి పోతుంటే ఏం చేస్తావని అడిగాడట నాన్న. పోయిన చోట రోలరుని సరిచేస్తానని చెప్పాడట ఇతను. "అయితే ఇంటికి పో" అన్నాడట. ఒక చోట నిలబడి చూడు. బెల్టు మొత్తం ఆ చోటుకి వచ్చేసరికి పక్కకి పోతుంటే తప్పు ఆ చోటుది. నువ్వు ఎక్కడ నిలబడినా బెల్టులో ఒకే ముక్క పక్కకి పోతుంటే తప్పు ఆ ముక్కది. దీనికి కాళ్లు కావాలి, ఓపిక కావాలి, సుత్తి అక్కర్లేదు. కానీ ఫ్యాక్టరీలో అందరి దగ్గరా సుత్తులున్నాయి. ప్రతి షిఫ్టువాడూ తన షిఫ్టు గడిస్తే చాలని రోలరుని ఒక దెబ్బ ఇటు కొడితే, తర్వాతివాడు ఒక దెబ్బ అటు. చివరికి ముక్క తప్పూ చోటు తప్పూ కలిసిపోయి, ఎవరు ఏది చెప్పినా నిజమే కాబోలు అనిపించేలా తయారైంది. అతను ఓపిగ్గా రోలర్లన్నీ మళ్లీ వాటి వాటి స్థానాలకి తెచ్చి, అతుకు దగ్గర తెల్లరంగుతో గుర్తు పెట్టి, పలు చోట్ల నిలబడి చూశాడు. ఆ తెల్ల గుర్తు ఎదురుగా వచ్చినప్పుడు బెల్టు తొలిగింది. చాలాసార్లు. అన్నిసార్లూ కాదు. ఆ తొలగని సార్లే పొద్దున లేసు రెండోసారి కట్టించాయి.

ఈ మనిషిని ఏరి తెచ్చింది కూడా నాన్నే. బెల్టు ఆపి రోలరు మార్చేటప్పుడు, ఎవరి తాళం వాళ్లు స్విచ్చికి తగిలించి, ఎవరి తాళంచెవి వాళ్లు జేబులో వేసుకోవాలి. తాళం ఉన్నంతసేపు ఎవరూ బెల్టుని తిప్పలేరు. ఒకరోజు నాన్న ఇంటికొచ్చి, చేతులకి అంటుకున్న రబ్బరు సొల్యూషను కిరసనాయిలుతో రుద్దుకుంటూ అమ్మతో అన్నాడు: "ఒకడున్నాడే. తాళం వేశానో లేదో చూసుకోవడానికి సగం దారి నుంచి వెనక్కి నడిచాడు." అమ్మ పొయ్యి దగ్గర నుంచే, "మతిమరుపు మనిషికి పిల్లనిస్తారా?" అంది. "మతిమరుపు కాదే. వేశాడని వాడికి తెలుసు. తెలిసీ చూసుకున్నాడు." అంతే, సంబంధం కుదిరిపోయింది. అప్పటికి పిల్ల డిగ్రీ ఆఖరి పరీక్షలు రాస్తోంది, వెలుతురు ఎలా వంగుతుందో, ఎందుకు వంగుతుందో పేజీలకి పేజీలు రాయగలదు, ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు. మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు అతను ఆమెని చూసి ఏమనుకున్నాడో తెలియదు గానీ వెళ్తూ వెళ్తూ "మీ గేటు కింది కీలు అరిగిందండీ" అన్నాడు. అమ్మ అప్పుడే చెప్పింది, వీళ్లిద్దరూ ఒకే గుడ్డలో ముక్కలు, నీకు కొత్తగా అలవాటు చేసుకునేదేమీ లేదని. అమ్మకి నాన్న లోతు తెలుసు. "మీ నాన్న తప్పులు ఒప్పుకోరని ఎవరే అన్నది? ఇంతవరకూ చాలా ఒప్పుకున్నారు, అన్నీ వేరేవాళ్లవి" అనేది. అమ్మ ఉంటే ఈ గంట ఇలా ఉండేది కాదు. ఆ పేపరు లాగేసి ఏదో ఒకటి అనేది, నాన్న ఏదో ఒకటి తిట్టేవాడు, ఏదో ఒకటి కదిలేది.

వానలు మొదలైనప్పటి నుంచీ మామా అల్లుళ్లు నేరుగా మాట్లాడుకోవడం మానేశారు. అరుచుకోలేదు, అలిగి భోజనం మానలేదు. అంత కళాపోషణ ఇద్దరికీ లేదు. మాటలన్నీ ఆమె మీదుగా నడిచాయి. "అల్లుడుగారికి చెప్పు, బెల్టు చూసేవాడు నలుగురినీ అడిగి చూడాలని" అని నాన్న, ఒక గజం దూరంలో ఆ అల్లుడుగారు కూర్చుని ఉండగానే. 'గారు' అప్పుడే వచ్చి చేరింది, అంతకుముందు ఒరేయ్ అబ్బాయే. "మావయ్యగారిని మజ్జిగ కావాలేమో అడుగు" అని ఇతను. మొదట్లో ఆమె మాటల్ని ఉన్నవి ఉన్నట్టు చేరవేసేది, తర్వాత కొంచెం కత్తిరించి, గరుకు అంచులు రుద్ది చేరవేసేది, విసుగెత్తాక తనకి తోచింది చేరవేసేది. "ఒకే చోట నిలబడితే ఏం తెలుస్తుందని అడుగు మీ ఆయన్ని" అంటే, "నాన్న మిమ్మల్ని కూర్చోమంటున్నారు" అని చెప్పింది ఒకరోజు. అతను నిజంగానే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నాన్న ఆ కూర్చోవడాన్ని పొగరనుకున్నాడు. ఆమె వంటింట్లోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుకుంది, కానీ ఆ సాయంత్రం నాన్న దగ్గర పనిచేసిన పాతవాళ్లు ఇద్దరు ఇంటికొచ్చి, వరండాలో టీ తాగుతూ, ఫ్రేమే వంగింది పెద్దాయనా, మీ అతుకు ఎందుకు వంకరవుతుంది, మీ చెయ్యి మాకు తెలియదా అంటుంటే, లోపలి గదిలో అల్లుడు చొక్కా గుండీలు విప్పుకుంటూ ఒక గుండీ దగ్గర ఆగిపోవడం చూశాక నవ్వు ఆగిపోయింది. వాళ్లు ఫ్యాక్టరీకి వెళ్లి అదే పాట పాడారు. అందుకే టన్నులాయన షరతు పెట్టాడు. మామ మాట లేకపోతే అల్లుడికి ఆ స్టోరు బెదిరింపే లేదు. ఇది నాన్నకి తెలియకుండా ఉంటుందా? పేపరు వెనక ఏముందో కనిపించదు. పేపరు అడుగున రెండు చేతులు కనిపిస్తాయి, అంతే.

ఆ చేతులు పేపరు వదిలి బఠాణీల మీదికి వచ్చాయి. ఊరికే కూర్చోలేక ఒలుస్తున్నాడు. ఆయన ఒలిస్తే చూడముచ్చటగా ఉంటుంది, కాయ నడుము మీద బొటనవేలు, ఒక నొక్కు, గింజలు వరసగా గిన్నెలోకి. చూడకుండానే ఒలుస్తాడు. ఎప్పటి నుంచి అలా? ఇదివరకు చూసే ఒలిచేవాడు, పుచ్చు గింజ ఒక్కటి గిన్నెలో పడితే తీసి ఆమెకి చూపించి, ఇదేనా నీ చదువు అనేవాడు. చూపు విషయంలో నాన్న అంత రాక్షసుడు మరొకడు లేడు. పాత ఇంట్లో ఆమె కిటికీ తెరలకి గుడ్డ కత్తిరిస్తుంటే పక్కన నిలబడి, "అంచు పట్టుకుని కొలవకే, అంచు అబద్ధం చెబుతుంది" అన్నాడు. అంచు సాగిపోయి ఉంటుంది, అరిగి ఉంటుంది, దాన్ని నమ్మి, కోతకి అడ్డగీత గీసే మూలమట్టం పెడితే కోత వంకర పోతుంది. బెల్టుకైనా అంతే. వెడల్పుని కొన్ని చోట్ల కొలిచి, ప్రతి చోటా సరిగ్గా మధ్యన చుక్క పెట్టి, ఆ చుక్కల మీదుగా దారం బిగించి సుద్దగీత కొట్టాలి. మూలమట్టం ఆ మధ్య గీత మీద పెట్టాలి, అప్పుడు కోత నిక్కచ్చిగా వస్తుంది. తెరల గుడ్డకి మధ్య గీత కొట్టించాడు ఆ రోజు, ఇల్లంతా సుద్దపొడి, అమ్మ చీపురు పట్టుకుని ఇద్దరినీ తరిమింది. తెరలు మాత్రం ఎంత బాగా వచ్చాయో. వాటిని ఈ ఇంటికీ తెచ్చింది, ఎండకి వెలిసిపోయాయి, ఇప్పుడు నాన్న గదిలో ఉన్నాయి. కంటి ఆపరేషను అయి ఇంటికి వచ్చిన రోజున వాటినే చూసి, "వీటికి పువ్వులున్నాయా?" అని అడిగాడు.

కాయ ఒకటి ఆమె చేతిలో సగం విచ్చుకుని ఆగింది. వీటికి పువ్వులున్నాయా. ఆ రోజు నవ్వేసింది, నాన్న వేళాకోళం మామూలే కదా అని. తెరలు కట్టి ఎన్నేళ్లో అయింది, పువ్వులు లేకుండా ఎప్పుడున్నాయి? ఆపరేషనుకి ముందు ఆ వేసవి అంతా నాన్న పేపరు తీసి ఆమె ఒళ్లో పడేసేవాడు, "నిన్ను చదివించింది ఎందుకు, చదివి వినిపించు" అనేవాడు. అదీ వేళాకోళమే. వీధిలో ఎవరు ఎదురొచ్చినా ముందు వాళ్లు పలికేదాకా మాట్లాడేవాడు కాదు. పెద్దాయనకి గర్వం ఎక్కువైందని పక్కింటావిడ అంటే, ఆమే సమర్థించింది, రిటైరవుతున్నాడు కదా, దిగులు, అని. గ్లాసులో నీళ్లు పోసుకునేటప్పుడు చూపుడువేలు గ్లాసు అంచు మీంచి లోపలికి వంచి పెట్టేవాడు. నీళ్లు వేలికి తగలగానే ఆపేవాడు. వేలు ముంచుతావేంటి నాన్నా, అసహ్యంగా, అని ఎన్నిసార్లు కసిరిందో. "కొలతే, కొలత" అనేవాడు. అంచు తడుముకుని కొలత. ఆ వేసవిలోనే. ఆఖరి అతుకు కూడా ఆ వేసవిలోనే. ఆ రోజు ఫ్యాక్టరీ వాళ్లు దండ వేసి జీపులో దింపి వెళ్లారు, అల్లుడు బెల్టు రెండో కొసన రోలర్లు మారుస్తున్నాడు, అతను వచ్చేసరికి పొద్దుపోయింది. నాన్న బావి మీద వాలినట్టు వాష్‌బేసిన్ మీద వాలి చాలాసేపు చేతులు కడిగాడు. కుడిచేతి వేళ్ల కొసలు గీసుకుపోయి ఉన్నాయి, గరుకు దాని మీద పొడుగ్గా రాసుకుంటూ పోయినట్టు. మందు రాస్తూ ఏమైందంటే "కత్తి జారింది" అన్నాడు. కత్తి జారితే ఒక్క గాటు పడుతుంది. ఆయన చేతిలో కత్తి జారడం ఆమె పుట్టాక వినలేదు. అయినా రాసింది, మూత పెట్టి మందు అలమరలో పెట్టేసింది, ఆ రోజు ఆమెకి కూర మాడిపోతుందన్న ధ్యాస.

కంటిలో పొరలని ముందే చెప్పి ఉంటే అతుకుల పని నుంచి తీసేసేవారు, ఇంకేముంది, స్టోరులో కూర్చోబెట్టేవారు. ఆ కొన్ని నెలలూ లాక్కొచ్చాడు. పక్కనున్నవాళ్లకి అడిగే ధైర్యం లేదు. పెద్దాయన గీసిన గీతని సరిచూసేవాడు ఎవడు? తెలిసీ చూసుకునేవాడు ఒక్కడే ఉన్నాడు, వాడు రెండో కొసన ఉన్నాడు. ఆమెకి కోపం వస్తుందేమోనని కాసేపు చూసుకుంది, రాలేదు. గోడ గడియారం వంక చూస్తే ఆ గంట చాలావరకు గడిచిపోయింది, ఇప్పుడు వేడి ఆపేసి ఉంటారు, చల్లారుతూ ఉంటుంది. ఇంకాసేపట్లో మూత తీస్తారు. బెల్టు తిన్నగా పోతే నాన్న ఏమంటాడో ఆమెకి తెలుసు: రోలర్లన్నీ సరిచేశారుగా, అందుకే, అంటాడు. ఒకవేళ అతను సరిచేసిన రోలర్లలో ఏ ఒక్కటో ఇంకా తేడాగా ఉండి బెల్టు కాస్త తొలిగినా, చూశారా, మంచి అతుకుని కోసి పారేశాడు అంటారు వాళ్లు, నాన్న కాదనడు, అతను స్టోరుకి పోతాడు, మర్నాటి నుంచి ఈ ఇంట్లో గరిట చప్పుడు తప్ప ఏమీ వినబడదు. చెప్పేది ఏదైనా ఉంటే ఇప్పుడే చెప్పాలి. మూత తీశాక ఒప్పుకుంటే అది ఒప్పుకోవడం కాదు, వార్త. కానీ కూతురు తండ్రిని ఏమని అడుగుతుంది? అమ్మ అయితే నేరుగా అడిగేది. ఆమె అమ్మ కాదు, చదువుకున్న మనిషి, అందుకని ముందు ఇంకో నాలుగు కాయలు ఒలిచింది.

"నాన్నా, ఆ వేసవిలో నీకు అసలు ఏం కనిపించేది?"

బఠాణీలు గిన్నెలో పడే చప్పుడు ఆగింది. ఏ వేసవి అని నాన్న అడగలేదు. అడిగితే ఇంకాస్త టైము దొరికేది ఆయనకి. ఫ్రిజ్జు గుర్రుమని మొదలై, కాసేపు నడిచి, ఒళ్లు విదిలించుకుని ఆగింది. గాలికి పేపరులో ఒక పేజీ తనంతట తనే తిరిగింది.

"వెలుతురు తెలిసేది" అన్నాడు చివరికి. "ఎదురుగా మనుషులున్నారని తెలిసేది. నువ్వో కాదో మాట్లాడితేగానీ తెలిసేది కాదు."

"మరి చెప్పలేదేం?"

"చెబితే ఆ బెల్టు దగ్గరికి రానిస్తారా?" బల్ల మీద రాలిన తొక్కల్ని ఒక పక్కకి తోశాడు. "సుద్దగీత కొట్టారు, నాకు కనపడలేదు. కొట్టారా అంటే కొట్టామన్నారు. తెల్లటి సుద్ద, తెల్లటి దుమ్ము. ఇంకోసారి కొట్టమంటే తెలిసిపోతుందని... పక్కన నలుగురున్నారే. దండ తెచ్చి పెట్టుకున్నారు."

ఇలాంటప్పుడు అనడానికి ఏముంటుందో పుస్తకాల్లో ఉంటుంది, ఆమె చదివిన వాటిలో లేదు. గిన్నె ఆయన ముందుకి జరిపింది, ఆయన అందులో చెయ్యి పెట్టలేదు.

"ఫోన్ చెయ్యి మీ ఆయనకి."

"ఇంకా మూత తీసుండరు నాన్నా."

"అందుకే చెయ్యమంటున్నా."

అటువైపు ఎత్తగానే పెద్ద హోరు, చల్లార్చడానికి పెట్టిన ఫ్యాన్లు, ఎవరెవరివో గొంతులు, వాటి మధ్య అతని గొంతు, గబగబా: "ఇంకా అవలేదు, అయ్యాక చేస్తానన్నాగా, పెట్టెయ్." "నాన్న మాట్లాడతారట" అంది ఆమె. ఆ మాట చేరవేసేటప్పుడు అందులో ఏదీ కత్తిరించలేదు. ఫోను నాన్న చేతికిచ్చి తనూ చెవి దగ్గరగా పెట్టింది. "చెప్పండి మావయ్యా" అన్నాడు. ఇన్ని రోజుల తర్వాత ఆ పిలుపు నేరుగా వచ్చేసరికి నాన్న ఫోను చెవికి పెట్టుకున్న చెయ్యి మార్చుకున్నాడు.

"పక్కన ఎవరెవరున్నారు?"

"అందరూ ఉన్నారు. మేనేజరుగారున్నారు. మనవాళ్లున్నారు."

"అందరికీ వినపడేట్టు పెట్టు."

ఆమె కూడా ఇటు స్పీకరు నొక్కింది. అంత దూరం వచ్చాక వినకుండా ఉండే సంస్కారం ఆమెకి లేదు. హోరు వంటింటి నిండా నిండిపోయింది. నాన్న గొంతు సవరించుకున్నాడు. "ఆ పాత అతుకు కోతకి గీత నేనే గీశాను. ఆ రోజు నాకు కళ్లు సరిగ్గా కనపడటం లేదు. మధ్య గీత కనపడక, అంచు తడుముకుంటూ పోయి, దాని మీదే మూలమట్టం పెట్టాను. ఎవర్నీ సరిచూడనివ్వలేదు. ఫ్రేము వంగిందని మీ అందరి చేతా అనిపించింది కూడా నేనే. ఇప్పుడు బెల్టు ఎట్లా పోయినా సరే, ఆ అతుకు వంకర అన్న మాట నిజం. మా అబ్బాయి చెప్పింది నిజం."

అటువైపు టన్నులాయన గొంతు, దూరం నుంచి, అరుస్తున్నట్టు: "ఏమన్నారు పెద్దాయనా? ఇక్కడ ఒకటే చప్పుడు, సరిగ్గా అర్థం కాలేదు." అర్థమయ్యే ఉంటుందని ఆమె అనుమానం. పెట్టెయ్ నాన్నా, చాలు, అందామనుకుంది, అనేలోపు నాన్న కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు, ఒళ్లోని బఠాణీ తొక్కలన్నీ నేల మీద రాలాయి, ఫోనుని రెండు చేతులతో నోటి దగ్గరికి తెచ్చుకుని, పక్కింటివాళ్లకి కూడా వినపడేంత గట్టిగా అన్నాడు:

"తప్పు నాది అంటున్నానండీ. నాది."